ట్రావెల్స్ బోర్డుకు లైసెన్సు ఎవరిచ్చారు?

రాజోలు బస్టాండులో దిగండి. లేదంటే అమలాపురం గడియారస్తంభం దగ్గర నిలబడండి. నరసాపురం, పాలకొల్లు, భీమవరం, ఏ ఊరైనా ఫరవాలేదు. తలెత్తితే ట్రావెల్స్ బోర్డు కనిపిస్తుంది. బోర్డు మీద విమానం బొమ్మ. పైన ఇంటిదేవుడి పేరో, యేసుప్రభువు పేరో, యజమాని కూతురి పేరో. కింద వరసగా ఎయిర్ టికెట్లు, పాస్‌పోర్టు, వీసా స్టాంపింగ్, మెడికల్, గల్ఫ్ ఉద్యోగాలు. ఇంకా కిందకొస్తే జిరాక్సు, లామినేషను, మనీ ట్రాన్స్‌ఫరు.

ఇప్పుడు ఆ బోర్డు మీద ఒక్క ముక్క వెతకండి. లైసెన్సు నంబరు. మందుల షాపువాడికి లైసెన్సు ఉంటుంది. ఎరువుల కొట్టువాడు ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తాడు. బస్టాండు పక్కన ఇడ్లీ బండి పెట్టుకున్న ముసలమ్మని కూడా ఫుడ్ రిజిస్ట్రేషను ఉందా అని అడిగే రోజులివి. మనుషుల్ని సముద్రం దాటించే కొట్టును మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

నాతో డిగ్రీ చదివిన ఒకడు మా పక్క టౌనులో ట్రావెల్స్ పెట్టాడు. "ఏం కాగితాలు కావాల్సొచ్చాయిరా?" అని అడిగాను. "షాపు రిజిస్ట్రేషను, పాన్ కార్డు, కరెంటు ఖాతా. ఒక పెద్ద ఏజెన్సీ దగ్గర లాగిన్ తీసుకున్నా. రెండ్రోజుల్లో అయిపోయింది. బోర్డు రాసేవాడు లేటు చేశాడు గానీ, లేకపోతే ఒక్కరోజు పనేరా" అన్నాడు. వాడు దొంగ కాదు, అబద్ధమూ చెప్పలేదు. వాడు చెప్పింది అక్షరాలా నిజం కావడమే ఈ వ్యాసానికి కారణం.

టికెట్టుకు కాపలా ఉంది

ట్రావెల్ ఏజెన్సీకి గుర్తింపు అంటే అందరూ ముందు చెప్పేది ఐయాటా. ఇది సర్కారు సంస్థ కాదు. 1945లో హవానాలో పుట్టిన విమాన కంపెనీల సంఘం. ప్రధాన కార్యాలయం కెనడాలోని మాంట్రియల్‌లో ఉంది. ఏజెంటు తన పేరు మీద నేరుగా విమాన కంపెనీల టికెట్లు కొట్టాలంటే ఈ సంఘం గుర్తింపు కావాలి. అది ఊరికే రాదు. ఆడిట్ చేసిన లెక్కలు చూపాలి, టికెటింగ్ తెలిసిన మనుషులుండాలి, ఆర్థిక హామీ పెట్టాలి. అమ్మిన టికెట్ల డబ్బు గడువులోగా కట్టకపోతే టికెట్లు కొట్టే అధికారం ఆగిపోతుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకు? టికెట్టు డబ్బు విమాన కంపెనీది కాబట్టి. తన డబ్బు మధ్యలో ఎవడూ మింగకూడదు కాబట్టి. మంచిదే, వ్యాపారం అన్నాక జాగ్రత్త ఉండాలి.

రెండోది కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు. ఆఫీసు ఎన్ని చదరపు అడుగులుండాలి, పెట్టుబడి ఎంతుండాలి, ఎంత అనుభవముండాలి అని అందులో చాలా రాశారు. చివర్లో ఒక మాట ఉంది. ఈ గుర్తింపు తప్పనిసరి కాదు, కావలసినవాళ్ళు తెచ్చుకోవచ్చు. కావలసినవాళ్ళు అంటే విదేశీ టూరిస్టులను తాజ్‌మహల్‌కు తిప్పేవాళ్ళు. మామిడికుదురు నుంచి మస్కట్‌కు మనుషుల్ని పంపేవాడికి దానితో పనేముంది?

మన వీధుల్లో ఉన్న కొట్లలో అధిక భాగానికి ఈ రెండూ ఉండవు. పెద్ద ఏజెన్సీ ఇచ్చిన లాగిన్ మీద టికెట్టు తీసి పైన కమీషను వేసుకుంటారు. అందులో నేరం ఏమీ లేదు. టికెట్టు అమ్మినంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. టికెట్టుతో పాటు మనిషిని కూడా అమ్మినప్పుడే మనం మాట్లాడాలి.

చట్టం ఉంది, చూడండి

విదేశంలో పనికి మనుషుల్ని పంపాలంటే మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. దాని 10వ సెక్షన్ ప్రకారం కేంద్రం ఇచ్చిన రిజిస్ట్రేషను లేకుండా ఎవరూ రిక్రూటింగ్ ఏజెంటుగా పనిచేయకూడదు. రిక్రూట్‌మెంటు అంటే ఏమిటో కూడా చట్టం చెప్పింది. విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తామని ప్రకటన ఇచ్చినా రిక్రూట్‌మెంటే. ఉద్యోగం గురించి మనిషితో బేరం మాట్లాడినా రిక్రూట్‌మెంటే.

ఇప్పుడు మళ్ళీ రాజోలు బస్టాండుకు రండి. ఆ బోర్డు మీద "గల్ఫ్ ఉద్యోగాలు" అని రాసుంది కదా. రిజిస్ట్రేషను లేనివాడు ఆ రెండు మాటలు రాయించడమే ఈ చట్టం కింద నేరం. పట్టుకోవడానికి గూఢచారులు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. తహసీల్దారు జీపు రోజూ ఆ బోర్డు కిందనుంచే వెళుతుంది. ఎస్సై గారు ఆ కొట్టు ముందు బడ్డీలోనే టీ తాగుతారు. ఒక్కరికీ కనపడదు.

సరే, ఆ నేరానికి శిక్ష ఎంతో తెలుసా? 1983లో రాసిన సెక్షన్ ప్రకారం గరిష్ఠంగా రెండేళ్ళ జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. అవును, రెండు వేలే. ఒక మనిషిని పంపితే వచ్చే కమీషనులో అది టీ ఖర్చు. పైగా ఈ చట్టం కింద కేసు నడపాలంటే కేంద్రం నుంచి ముందస్తు అనుమతి కావాలి. మోసపోయిన మనిషో, ఆ మనిషి దగ్గరి కుటుంబ సభ్యులో స్వయంగా ఫిర్యాదు చేస్తే అనుమతి అక్కర్లేదు. అంటే ఎక్కడో ఎడారి దేశంలో ఒక ఇంట్లో తాళం వేసి ఉంచిన ఆడమనిషో, ఇక్కడ అప్పులవాళ్ళకు మొహం చాటేసి తిరుగుతున్న ఆమె మొగుడో కేసు నడిపించుకోవాలన్నమాట.

మరి రిజిస్ట్రేషను తెచ్చుకోవాలంటే? ఇప్పుడున్న నిబంధనల ప్రకారం 50 లక్షల బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. 100 మంది దాకా మాత్రమే పంపే చిన్న ఏజెంటుకు 8 లక్షలు. పోలీసు విచారణ, ఆఫీసు, లెక్కలు అన్నీ ఉండాలి. పనివాడి దగ్గర తీసుకునే సర్వీసు చార్జి 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకు మించి పైసా తీసుకోకూడదు. పంపిన మనిషికి అక్కడ ఇబ్బంది వస్తే వెనక్కి తెచ్చే బాధ్యత ఏజెంటుది. తేకపోతే ఆ గ్యారంటీ డబ్బు నుంచి తెస్తారు.

చదవడానికి బాగుంది. కానీ ఈ 50 లక్షలు పెట్టగలిగినవాళ్ళు ముంబైలో, ఢిల్లీలో, చెన్నైలో, హైదరాబాదులో కూర్చుంటారు. సఖినేటిపల్లి రేవు దాటి లంకలోకి వాళ్ళు రారు. వాళ్ళ తరఫున ఇక్కడ ఒకడు మనుషుల్ని పోగుచేస్తాడు. వాడు సబ్ ఏజెంటు. ఆ సబ్ ఏజెంటు కూర్చునే కొట్టే మన ట్రావెల్స్. చట్టంలో వాడికి పేరు లేదు, చోటు లేదు, బాధ్యత లేదు. డబ్బు చేతులు మారేది మాత్రం వాడి బల్ల మీదే.

మేస్త్రీ పోయాడు, ట్రావెల్స్ వచ్చింది

ఇది కొత్త రోగం కాదు. గోదావరి జిల్లాల తాతలను అడిగితే రంగం అంటే ఏమిటో చెబుతారు. రంగం అంటే రంగూను. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి మనవాళ్ళు ఎంతమంది పోయారంటే, బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలు అనే పేరే పడిపోయింది. రంగూను రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది మనవాళ్ళే.

వాళ్ళను తీసుకెళ్ళినవాడు మేస్త్రీ. ఊళ్ళోకొచ్చి ఇంట్లో అడ్వాన్సు పెట్టేవాడు. ఓడ చార్జీ తనే కట్టేవాడు. అక్కడ కూలి డబ్బు కూడా తన చేతిమీదుగానే ఇచ్చేవాడు, అప్పు కోసుకుని. ఆ అప్పు తీరడం మేస్త్రీ దయ.

అప్పుడూ చట్టం ఉంది. 1922లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. కానీ బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాబట్టి కాకినాడలో ఓడెక్కి రంగూనులో దిగిన కూలీ చట్టం కళ్ళకు వలస వెళ్ళినట్టే కాదు. బంగాళాఖాతం దాటినా సొంత దేశంలో ఉన్నట్టే లెక్క. 1942లో జపాను సైన్యం వచ్చాక అడవుల గుండా, కొండల గుండా నడుచుకుంటూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగొచ్చినప్పుడు గానీ వాళ్ళు ఎంత దూరం వెళ్ళారో ఎవరికీ తెలియలేదు.

ఈ పాత కథ ఎందుకు ఎత్తానంటే, కిటుకు మారలేదు. ఆనాడు "వలస కాదు, మన రాష్ట్రమే" అన్నారు. ఈనాడు "ఉద్యోగం కాదు, విజిట్ వీసా" అంటున్నారు. పేరు మార్చితే చట్టం పక్కకు తప్పుకుంటుంది. మేస్త్రీకి తెలిసిన ఈ ఉపాయం ట్రావెల్స్ వాడికీ తెలుసు. ఢిల్లీలో చట్టాలు రాసేవాళ్ళకు మాత్రం ఇన్నేళ్ళయినా తెలియలేదు, లేదా తెలిసీ తెలియనట్టు ఉన్నారు.

ఖద్దామా

గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళను ఖద్దామా అంటారు. కోనసీమలో, నరసాపురం వైపు ఈ మాట తెలియని పిల్లాడు లేడు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి ఎక్కువగా మగవాళ్ళు వెళితే, మన డెల్టా నుంచి ఆడవాళ్ళు వెళ్ళారు. ఎందుకు వెళ్ళారో అన్నపూర్ణ గోదావరి అని పాటలు కట్టేవాళ్ళు చెప్పాలి. 1996 నవంబరు తుపాను కొబ్బరిచెట్లను నేలకూల్చింది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వరిచేలు చేపల చెరువులైతే నాట్లు వేసే చేతులకు పనేముంటుంది? నరసాపురం లేసు ప్రపంచమంతా తిరిగింది గానీ, కళ్ళు పోగొట్టుకుని అల్లిన ఆడమనిషి చేతికి వచ్చింది చిల్లరే. పొలం లేని ఇంట్లో, ముఖ్యంగా దళిత, వెనుకబడిన కులాల ఇళ్ళల్లో, కూతురి పెళ్ళికో పెంకుటింటికో డబ్బు కావాలంటే కువైట్ ఒక్కటే దారి అయింది.

మా పక్క లంక ఊళ్ళో ఒక అక్క ఉంది. పేరు రాయను. కూతురి పెళ్ళి అప్పు తీర్చడానికి బయల్దేరింది. ట్రావెల్స్ ఆయన "కువైట్ అమ్మా, మంచి ఇల్లు, ఫ్రీ వీసా, నీ చేతి డబ్బు పైసా అక్కర్లేదు" అన్నాడట. టికెట్టు దుబాయ్‌కని ఎయిర్‌పోర్టులో పక్కన కూర్చున్న పిల్ల చదివి చెబితే తెలిసింది. విజిట్ వీసా. అక్కణ్ణించి కారులో మస్కట్. ఒక ఆఫీసులో బల్ల మీద వరసగా కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళు చూసి ఎంచుకున్నారు.

"సంతలో గేదెల్ని చూసినట్టు చూశార్రా తమ్ముడూ. పళ్ళు ఒకటే చూళ్ళేదు" అంది.

పని పడలేదు, పంపించెయ్యమంటే సేటు అన్న మాట ఒకటే. "ఆఫీసుకు డబ్బు కట్టి నిన్ను తెచ్చుకున్నాను, ఆ డబ్బు కట్టి పో." ఫ్రీ వీసా అర్థం అప్పుడు తెలిసింది. ఇక్కడ ఆమె దగ్గర తీసుకోలేదు గానీ అక్కడ ఆమె మీద తీసుకున్నారు. పదకొండు నెలల తర్వాత ఎలాగో ఔట్‌పాసు మీద ఇంటికొచ్చింది. అప్పు అలాగే ఉంది, పైన వడ్డీ.

స్టేషనుకు వెళితే అడిగిన ప్రశ్న వినండి. "ఆయన అమ్మింది టికెట్టే కదమ్మా. టికెట్టు దొంగదా? విమానం ఎక్కావు కదా?" నేను ఆమెను కాగితాలేమున్నాయో చూపించమన్నాను. రశీదు లేదు, ఒప్పందం లేదు. పాస్‌పోర్టు కవరులో ఒక విజిటింగ్ కార్డు ఉంది. దానిమీద విమానం బొమ్మ.

ఈమె దొడ్డిదారిన కాక రాజమార్గంలో వెళ్ళి ఉంటే ఏమి ఉండేది? పదో తరగతి పాసవ్వనివాళ్ళ పాస్‌పోర్టుకు ఈసీఆర్ ముద్ర పడుతుంది. వాళ్ళు కువైట్, ఒమన్, ఖతార్, సౌదీ లాంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. అనుమతి రావాలంటే జీతం, పని రాసిన ఒప్పందం ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉండాలి. దాని ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ఒక్క సినిమాకు ఇంటిల్లిపాదీ వెళ్ళే ఖర్చు. విజిట్ వీసా మీద వెళ్ళిన మనిషికి ఆ బీమా లేదు, ఒప్పందం లేదు. సర్కారు లెక్కలో ఆమె పనికి వెళ్ళనేలేదు. దుబాయ్ చూడ్డానికి వెళ్ళింది! లంకలో కూలికి వెళ్ళే ఆడమనిషి బుర్జ్ ఖలీఫా చూడ్డానికి వెళ్ళిందట!

కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్ళ కోసం చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని అందులో ఉంది. 2016లో కనీస జీతం 60 దీనార్లని చెప్పారు. ఈ హక్కులు అడగాలంటే చేతిలో సరైన కాగితం ఉండాలి. తప్పుడు వీసా మీద ఉన్నదానికి నోరు లేస్తే ఖల్లివల్లి అని ముద్ర వేసి జైల్లో పెడతారు.

అడ్డుకట్ట ఎవరికి పడింది?

ఆడవాళ్ళను కాపాడటానికని కేంద్రం రెండు కట్టడులు పెట్టింది. ఒకటి, ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న 30 ఏళ్ళలోపు ఆడవాళ్ళకు ఆ 18 దేశాల్లో పనికి అనుమతి ఇవ్వరు. రెండు, 2016 నుంచి ఈసీఆర్ ఆడవాళ్ళను ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పంపాలి. మన రాష్ట్రంలో ఆ పనికి ఓంక్యాప్ అనే కంపెనీ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో పెట్టారు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో టామ్‌కామ్ వచ్చింది.

ఉద్దేశం మంచిదే అనుకుందాం. జరిగిందేమిటి? 28 ఏళ్ళ ఆడమనిషికి ఆకలి ఆగుతుందా? వయసు ఆగుతుందా? ఏజెంటు ఆమె వయసు మార్చాడు. పదో తరగతి సర్టిఫికెట్టు సృష్టించాడు. లేదంటే విజిట్ వీసా తీశాడు. ప్రతి కట్టడికీ ఏజెంటు రేటు పెంచాడు. గేటు మూసిన ప్రతిసారీ గోడ దూకించే కూలి పెరిగింది. కట్టడి ఆడదాని మీద పడింది, ఏజెంటు మీద పడలేదు. ఎయిర్‌పోర్టులో ఆపి వెనక్కి పంపేది ఆమెనే. బోర్డు పెట్టినవాడు సాయంత్రం కొట్టుకు తాళం వేసి ఇంటికెళ్ళి భోంచేస్తాడు.

ఓంక్యాప్ సంగతి అడగండి. అంతర్వేదిలో, అల్లవరంలో, మొగల్తూరులో పది ఇళ్ళు తిరిగి ఆ పేరు విన్నారా అని అడగండి. ట్రావెల్స్ పేరు మాత్రం చిన్నపిల్ల కూడా చెబుతుంది. ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే వెళ్ళాలన్న ప్రభుత్వం ఆ ఏజెన్సీని ఆడమనిషి బస్సెక్కి వెళ్ళి కలిసొచ్చేంత దగ్గర్లో పెట్టొద్దా? రేషను కార్డు ఉన్నవాళ్ళకే బియ్యం అని చెప్పి, రేషను షాపు వంద మైళ్ళ దూరంలో పెడితే దాన్నేమంటారు?

వాళ్ళు చెప్పే మాటలు

ట్రావెల్స్ వాళ్ళు అంటారు, "మేమేం బలవంతంగా పంపడం లేదండి. వాళ్ళే వచ్చి కాళ్ళావేళ్ళా పడతారు. మా వల్ల ఎన్ని మేడలు లేచాయో చూడండి." లేచాయి, కాదనను. ఖద్దామా జీతంతో చదివి ఇంజినీర్లయిన పిల్లలు నాకు తెలుసు. నిజాయితీగా పంపి, ఇబ్బందొస్తే సొంత డబ్బుతో వెనక్కి తెచ్చిన ఏజెంట్లూ ఉన్నారు. అందుకే అడుగుతున్నా. మంచివాడికీ చెడ్డవాడికీ ఒకటే బోర్డు, ఒకటే విమానం బొమ్మ అయితే లంకలోంచి వచ్చిన ఆడమనిషి ఎలా పోల్చుకోవాలి? లైసెన్సు వస్తే మొదట లాభపడేది నిజాయితీపరుడే. గింజుకునేది రెండోవాడు.

అధికారులు అంటారు, "ప్రజలకు అవగాహన లేదు." ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. అనుమతి ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా, అనుమతి లేని ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఉన్నాయట, చూసుకోవాలట. ఇంగ్లీషులో ఉన్న ఆ జాబితాను సంతకం కూడా రాని మనిషి చూసుకోవాలి, పట్టభద్రులైన అధికారులు మాత్రం వీధిలో తెలుగులో రాసిన బోర్డు చూసుకోలేరు. ఎవరికి లేదు అవగాహన?

మూడో మాట నా మిత్రులే అంటారు. "లైసెన్సు పెడితే లంచం పెరుగుతుంది, ఇంకేం ఒరుగుతుంది?" ఇది కొట్టిపారేసే మాట కాదు. లైసెన్సు రాజ్యం ఎలా ఉంటుందో మనం చూశాం. కానీ ఇప్పుడు లంచం లేదా? ఉంది. ఇప్పుడు డబ్బు ఇచ్చినా రశీదు ఉండదు. రేపు లైసెన్సు ఉంటే కనీసం రద్దు చేయమని అడగడానికి ఒక నంబరు, జప్తు చేయమని అడగడానికి ఒక డిపాజిట్టు ఉంటాయి. ఉద్యమంలో తిరిగిన రోజుల్లో, ధర్నాల్లో కూర్చుని, స్టేషన్లలో రాత్రుళ్ళు గడిపి నేను నేర్చుకున్నది ఒకటుంది. నోటితో ఇచ్చిన హామీ గాలికి పోతుంది. కాగితం మీద సంతకం ఉంటే కొట్లాడటానికి ఆధారం ఉంటుంది.

పంజాబ్ చేసింది, మనమెందుకు చేయలేదు?

"విదేశీ వలస కేంద్రం చేతిలో ఉంది, మేమేం చేస్తాం" అని రాష్ట్ర నాయకులు తప్పించుకుంటారు. వలస, పాస్‌పోర్టు, వీసా కేంద్ర జాబితాలోవే. కానీ వీధిలో కొట్టు పెట్టుకుని జనం దగ్గర డబ్బు వసూలు చేసేవాణ్ణి అదుపులో పెట్టొద్దని రాజ్యాంగం చెప్పలేదు.

పంజాబ్ 2012లోనే చట్టం చేసింది. ఇప్పుడు దాన్ని ట్రావెల్ ప్రొఫెషనల్స్ రెగ్యులేషన్ చట్టం అంటారు. వీసా సలహాదారు, టికెట్ ఏజెంటు, విదేశీ చదువుల కోచింగ్ సెంటరు, ఎవరైనా సరే జిల్లా అధికారి దగ్గర లైసెన్సు తీసుకోవాలి. హర్యానా 2025లో ట్రావెల్ ఏజెంట్ల రిజిస్ట్రేషను చట్టం తెచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికా మన మనుషులకు సంకెళ్ళు వేసి సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దించింది గుర్తుందా? అందులో పంజాబ్ వాళ్ళు, హర్యానా వాళ్ళు, గుజరాత్ వాళ్ళు ఉన్నారు. పంజాబ్‌లో చట్టం వచ్చి అప్పటికి పన్నెండేళ్ళు దాటింది. చట్టం రాసుకుంటే చాలదని, అమలు చేసేవాడు లేకపోతే అది బీరువాలో కాగితమేనని ఆ విమానం చెప్పింది. నిజమే. కానీ వాళ్ళకు అమలు చేయమని అడగడానికి చట్టమైనా ఉంది. మనకు అదీ లేదు.

ఢిల్లీలో 1983 చట్టాన్ని మారుస్తామని 2019లో ఒక ముసాయిదా, 2021లో ఇంకోటి తెచ్చారు. ఆ రెండూ చట్టం కాకుండానే పోయాయి. 2025లో ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు అని మరొకటి పెట్టి ప్రజల అభిప్రాయం అడిగారు. ప్రజలంటే ఎవరు? మా లంక అక్కను ఎవరైనా అడిగారా?

అడగవలసినవి ఇవీ

ఎవరూ అడగలేదు కాబట్టి మనమే చెబుదాం. పెద్ద పెద్ద కోరికలు కావు.

ఒకటి. ట్రావెల్స్ అని బోర్డు కట్టిన ప్రతి కొట్టూ కలెక్టరు దగ్గర రిజిస్టరు కావాలి. బోర్డు మీద నంబరుతో పాటు అది దేనికో తెలుగులో పెద్దక్షరాలతో రాయాలి. టికెట్లు మాత్రమే అయితే "ఇక్కడ ఉద్యోగాలు ఇప్పించబడవు" అని రాయాలి. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక బొమ్మ వేయించిన సర్కారుకు ఇది కష్టం కాదు.

రెండు. సబ్ ఏజెంటును చట్టంలోకి తేవాలి. ముంబై కంపెనీ తన తరఫున పాలకొల్లులో ఎవరు పనిచేస్తున్నారో పేరు రాసి ఇవ్వాలి. ఆ మనిషి చేసిన మోసానికి కంపెనీ గ్యారంటీ డబ్బు నుంచి కట్టాలి. పేరు రాయని మనిషి బల్ల మీద పాస్‌పోర్టు దొరికితే అది నేరుగా కేసు కావాలి.

మూడు. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరంలో ప్రభుత్వ ఏజెన్సీ కౌంటర్లు తెరవాలి. అందులో తెలుగు మాట్లాడే ఆడవాళ్ళు కూర్చోవాలి, తిరిగొచ్చిన ఖద్దామాలనే పెడితే ఇంకా మంచిది. వెళ్ళేముందు ఇచ్చే ఒకరోజు శిక్షణ మండలంలోనే ఇవ్వాలి. ఈ కౌంటరు వచ్చాకే 30 ఏళ్ళ నిబంధన గురించి మాట్లాడాలి. దారి చూపించకుండా తలుపు వేయడం కాపాడటం కాదు.

నాలుగు. 2,000 రూపాయల జరిమానా సిగ్గుచేటు. మోసపోయిన మనిషికి చేరే పరిహారం ఏజెంటు డిపాజిట్టు నుంచి రావాలి, అదీ ఆమె బతికుండగానే రావాలి.

ఎన్నికలప్పుడు ఈ ఊళ్ళల్లోకి జెండాలు వస్తాయి. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుతో కట్టిన చర్చిల్లో, గుళ్ళల్లో, కల్యాణమండపాల్లో నాయకులు మీటింగులు పెడతారు. ఈసారి వచ్చినప్పుడు ఆ సెంటర్లోనే నిలబెట్టి, తలెత్తి ఆ బోర్డు చదవమనండి. విమానం బొమ్మ కింద నంబరు ఎక్కడుందో చూపించమనండి. చూపించేదాకా మైకు ఇవ్వకండి.